ఎవరూ చెయ్యి వెయ్యొద్దు

పడవని ఒక్కళ్ళే నీళ్ళలోకి దింపుకోవడమంటే మావాళ్ళ లెక్కలో అది చుట్టాలని పిలవకుండా పెళ్ళి చేసుకోవడమే. మా తాతలు శ్రీకాకుళం తీరం నించి అండమాన్ వచ్చినప్పుడు వలలతోపాటు ఆ పద్ధతిని కూడా మూటగట్టుకొచ్చారు. ఎవరి పడవ నీళ్ళకి బయల్దేరినా, ఎవరిది ఒడ్డుకొచ్చినా, కంటబడ్డ ప్రతివాడూ వచ్చి ఓ చెయ్యి వెయ్యాలి. చెయ్యి వేసినవాడికి పడవలోంచి ఓ చేప ఇవ్వాలి. రమ్మని పిలవడం ఉండదు, వద్దని అనడం అంతకన్నా ఉండదు. అలాంటిచోట నేను, ఈ వయసులో, పదిమందినీ గోడమీద కూచోబెట్టి ఒక్కదాన్నే పడవ దింపుతానని పంతం పట్టాను.

నిజానికి నాది సముద్రం పని కాదు. మిడిల్ పాయింట్ బజారులో నాకో టైలరింగ్ షాపుంది. ఇల్లు చౌల్దారీ పల్లెలో. సముద్రం మా ఆయనది. ద్వీపాల మధ్య తిరిగే ఓడల్లో సరంగుగా చేశాడు. డెక్ మీద నిలబడి తాడు వెయ్యి, తాడు లాగు, ఒగ్గెయ్ అని కేకలు పెట్టే ఉద్యోగం. రిటైరయ్యాక ఆ కేకలు ఇంటికి తెచ్చుకున్నాడు. వాటితోపాటు ఓ చిన్న ఫైబర్ పడవ, దానికో ఇంజను, పడవని మోసుకెళ్ళడానికి దగ్గరుండి వెల్డింగ్ చేయించుకున్న ఓ రెండు చక్రాల ట్రాలీ. ఆదివారం వస్తే ట్రాలీని జీపు వెనక తగిలించుకుని, వండూర్ వైపు ఖాడీ ఒడ్డునున్న సిమెంటు ర్యాంపుకి వెళ్ళేవాళ్ళం. ఖాడీ అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. అటూ ఇటూ మడ చెట్లు, మధ్యలో ఉప్పునీళ్ళు. మొసలి ఉంటుందని బోర్డు కూడా ఉంది, మొసలీ ఉంది.

పోయినేడు వానల్లో మా ఆయన ఆ ర్యాంపు మీదే జారిపడ్డాడు. ఆటుకి నీళ్ళు తీసిన వేళ, సిమెంటు మీద పాకుడు. తుంటి ఎముక విరిగింది. పక్కనే ఉన్న మావాళ్ళ మత్స్యకారుల బస్తీ మొత్తం పరిగెత్తుకొచ్చి, ఆయన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి జీపు దాకా మోసుకొచ్చారు. నొప్పికన్నా ఆ మోత ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

"నలుగురు మోసేది మనిషిని ఒక్కసారేనే. నన్ను ముందే మోసేశారు," అన్నాడు ఆస్పత్రిలో.

ఆపరేషనయ్యి చేతికర్రతో నడవడం మొదలెట్టాడు గానీ ఏటవాలు మీద దిగకూడదు, బరువులు లాగకూడదు. ఇక పడవెక్కాలంటే ఆయన్ని ఎవరో పట్టుకుని దింపాలి, ఎక్కించాలి. ఎవరినీ ఏదీ అడగని మనిషి. పక్కింట్లో కరివేపాకు రెబ్బ అడిగినా ఇంట్లో యుద్ధమే. "నేను పదిమందికి చెయ్యి వేసేవాణ్ణి గానీ వేయించుకునేవాణ్ణి కాదు. పదిమంది నా పడవ లాగుతుంటే జీపులో కూచుని చూస్తానా? అమ్మేస్తాను," అన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు. వండూర్‌లో టూరిస్టుల్ని పడవ మీద తిప్పే ఒకతనితో మాట్లాడాడు కూడా.

అమ్మితే అమ్మాడులే అనుకునేదాన్నేమో. కానీ పడవ టార్పాలిన్ కింద కూచున్నప్పటి నించీ ఆయన నా షాపుకొచ్చి కూచోవడం మొదలెట్టాడు. మొదటివారం గుండీలు రంగులవారీగా సర్దాడు. రెండోవారం నించీ కస్టమర్ల జాకెట్ల మెడల మీద అభిప్రాయాలు చెప్పడం మొదలెట్టాడు. "అంత లోతెందుకమ్మా, జలుబు చేస్తుంది," అన్నాడు ఓ పెళ్ళికూతురితో. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. సాయంత్రం ఇంటికెళ్ళాక మాత్రం ఆయన మాట్లాడేవాడు కాదు. ఆ నోరు మూగబోవడం చూసి నాకు నిజంగా భయమేసింది. కేకలేస్తే విసుక్కునేదాన్ని, ఆ కేకల కోసం చెవి పెట్టుకుని కూచోవాల్సి వచ్చింది.

"అమ్మొద్దు. ఎవరి చెయ్యీ అక్కర్లేకుండా నేనే దింపుతాను, నేనే తీస్తాను," అన్నాను ఓ రోజు.

చాలా రోజుల తరవాత ఆయన నవ్వాడు. "నువ్వా? ట్రాలీ రివర్సు చేస్తావా?"

ఆ నవ్వు నాకు ఒంటికి కారం రాసినట్టుంది. మర్నాడే కోసేసిన వరి మడిలోకి జీపునీ ట్రాలీనీ తోలాను. జీపు నడపడం ఆయన మంచం పట్టినప్పుడే నేర్చుకున్నాను. ముందుకి పోవడంలో నాకు వంక పెట్టే పని లేదు. వెనక్కి తోలినప్పుడే ఆ ట్రాలీ అత్తగారి తరఫు చుట్టంలా ఎడ్డెమంటే తెడ్డెమనేది. స్టీరింగు కుడికి తిప్పితే అది ఎడమకి. ఎడమకి తిప్పితే కుడికి. మరి కాస్త తిప్పితే మడిచిపెట్టిన మోకాల్లా జీపుకి అడ్డంగా వచ్చి ఆగేది.

చౌల్దారీలో ఖాళీగా ఉన్న ప్రతివాడూ గట్టుమీద చేరాడు. "దీదీ, కట్ మారో! కట్ మారో!" అని స్టీరింగు తిప్పమంటూ ఒకడు. "అరే, ఉల్టా!" అని ఇంకొకడు. మా ఆయన కొబ్బరిచెట్టు నీడలో కుర్చీ వేసుకుని, పాత గొంతు తెచ్చుకుని, అందరికన్నా పైన ఒకటి అరిచేవాడు. ఎవరి మాటా ఎక్కలేదు. చివరికి నా కుట్టుమిషన్ చేతులకే అర్థమైంది. స్టీరింగుని పైన కాదు, కింద, ఆరు గంటల ముల్లు దగ్గర పట్టుకోవాలి. ట్రాలీ ఎటు పోవాలో చెయ్యి అటే జరపాలి. పాదం తీసి తీసి తొక్కాలి. వంకర పోతోందనిపిస్తే మొండిగా సరిచెయ్యకూడదు, ముందుకి లాగి, తిన్నగా చేసుకుని, మళ్ళీ మొదలెట్టాలి. కుట్టు తప్పినప్పుడు విప్పుకోడానికి సిగ్గుపడేవాళ్ళకి ఆ పని రాదు.

అలా నేర్చుకుని ఓ ఆదివారం మా ఆయన్ని పక్క సీట్లో కూచోబెట్టుకుని ర్యాంపుకి వెళ్ళాను. ఏటవాలు మొదలయ్యేచోట ఆపాను. అక్కడ చెయ్యాల్సిన పనులకి ఒక వరస ఉంది. పడవ అడుగున నీళ్ళు పోయే రంధ్రానికి బిరడా పెట్టాలి. ముందు కొసకి పొడుగు తాడు కట్టి దాని రెండో కొస ట్రాలీకి ముడెయ్యాలి. వెనక పట్టీలు విప్పాలి. ట్రాలీ ముందు తాడు చుట్టే చక్రం, అదే వించ్, ముక్కుని పట్టుకున్న దాని కొక్కెం మాత్రం పడవ వెనక సగం నీళ్ళలో తేలేదాకా తియ్యకూడదు. నేను పట్టీలు విప్పి, బిరడా కోసం జీపులో సంచీ వెతుకుతున్నాను.

ఆ సందులో బస్తీ వచ్చేసింది. పడవ ముక్కు కనబడితే ఆగే చేతులు కావవి. ఇసకమీద దుంగల మీంచి పడవలు తోసే అలవాటు వాళ్ళది. అక్కడ అడ్డంగా ఏదైనా కట్టి ఉంటే ముందు అదే విప్పుతారు. ఒకతను ఎంతో ప్రేమగా వించ్ కొక్కెం తీసేశాడు. "ఐలేసా!" అన్నారు అందరూ.

పొడి సిమెంటు మీద దభీమని పడింది పడవ. అక్కడి నించి పాకుడు మీద జర్రున జారి, తాడూ బిరడా ఏవీ లేకుండా నేరుగా నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

"దింపేసినాం అప్పా!" అన్నారు మొహాలు వెలిగిపోతూ. వాళ్ళ మాటలో అప్పంటే అక్క.

నేను చేతిలో బిరడా పట్టుకుని నిలబడ్డాను. పడవ నెమ్మదిగా నీళ్ళు తాగుతోంది. ఆ తరవాత అందరూ నడుంలోతు నీళ్ళలోకి దూకారు, మొసలి బోర్డుకి వీపు పెట్టి. డబ్బాలతో తోడారు, మళ్ళీ ఐలేసా అంటూ పైకి లాగారు, నవ్వారు. పడవ అడుగంతా గీతలు. మా ఆయన జీపులోంచి దిగలేదు. అద్దంలో అంతా చూశాడు. దారిలో ఫోన్ తీసి వండూర్ అతనికి చేశాడు. "భయ్యా, వచ్చే సండే ర్యాంపు దగ్గరికి రా. పడవ చూసి తీసుకెళ్ళు. బస్, అయిపోయింది," అన్నాడు.

నాకు కోపం ముంచుకొచ్చింది. ప్రేమతో చేసినవాళ్ళ మీద చూపించలేను కనక ఇంటికెళ్ళి ఆయన మీద చూపించాను. "అతను వచ్చేలోపు నేను పడవ దింపి, నీళ్ళమీద తిరిగి, మళ్ళీ ట్రాలీ మీదికెక్కిస్తాను. ఎవరి చెయ్యీ పడదు. పడితే అమ్మెయ్యండి, నేను మాట్లాడను. పడకపోతే మీరు మాట్లాడకండి," అన్నాను. ఆయన "సరే," అన్నాడు. సరంగు ఒప్పుకున్నాడంటే ఒప్పుకున్నట్టే.

మధ్యలో ఓ సాయంత్రం షాపు త్వరగా కట్టేసి బస్తీకి వెళ్ళాను. అక్కడ మా పెద్దమ్మ ఒకావిడుంది. రక్తసంబంధం ఏమీ లేదు, బస్తీలో అందరికీ ఆవిడ పెద్దమ్మే. బజారుకి చేపలు పంపేది ఆవిడ, తగువులు తీర్చేదీ ఆవిడే. ఎండుచేపలు తిరగేస్తోంది. ఆదివారం ఎవరూ పడవ మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పేసరికి తిరగెయ్యడం ఆపింది.

"మా సెయ్యి సెడ్డదేటే? నివ్వొక్కదానివీ సేసుకోడానికి మేవేటి సచ్చిపోనామేటి?"

"చెడ్డదని కాదు పెద్దమ్మా. మీరు చెయ్యేస్తే ఆయన పడవ అమ్మేస్తాడు. పడవ పోతే నాకు ఆ మనిషి కూడా మిగలడు," అన్నాను. అంత మాట పైకి అంటానని నేనే అనుకోలేదు. కొంగు కళ్ళకి ఒత్తుకున్నాను.

"ఒలే, ఏడవకు. ఆదోరం సూత్తాం," అని మళ్ళీ చేపలు తిరగెయ్యడం మొదలెట్టింది.

ఆదివారం ర్యాంపు దగ్గరికి వెళ్ళేసరికి ఎదురుగా ఉన్న పిట్టగోడ మీద బస్తీ మగాళ్ళంతా వరసగా కూచుని ఉన్నారు. చివర పెద్దమ్మ. అందరూ చేతులు బయటికి కనబడనివ్వకుండా తొడల కింద పెట్టుకున్నారు. అది చూసి నాకు నవ్వాగలేదు.

పోటు మీదున్న నీళ్ళు, పాకుడు చాలావరకు మునిగింది. ఇంటిదగ్గర టైర్లు, జీపుకీ ట్రాలీకీ మధ్య కొలికి, దాని కింద అడ్డంగా వేసిన రెండు గొలుసులు చూసుకునే బయల్దేరాను. ఇప్పుడు ఎత్తుమీదే, చదునుగా ఉన్నచోట ఆపి, ముందు బిరడా పెట్టాను. పెట్టానని పైకి చెప్పుకున్నాను కూడా. తాడు కట్టాను. లైట్ల వైరు ఊడదీశాను. ఇంజను పైకెత్తి ఉందో లేదో చూశాను. వెనక పట్టీలు విప్పాను. అప్పుడు మా ఆయన్ని కిందికి దిగి చెట్టుకింద కూచోమన్నాను. నీళ్ళ మీదికి జారే బండిలో తోలేవాళ్ళు తప్ప ఇంకో మనిషి ఉండకూడదు.

చెయ్యి కింద పెట్టి, కొంచెం కొంచెంగా వెనక్కి. ఒకసారి వంకర పోయింది. ముందుకి లాగి మళ్ళీ పెట్టాను. గోడమీంచి "కట్..." అని ఒక గొంతు లేచి, పెద్దమ్మ చూపుకి మధ్యలోనే ఆగిపోయింది. జీపు వెనక చక్రాలు పొడి సిమెంటు మీద ఉండగా ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరులో పెట్టి ఇంజను కట్టేశాను. చక్రాల వెనక చెక్క దిమ్మలు పెట్టాను. ట్రాలీ కమ్మీ మీద నడుచుకుంటూ వెళ్ళి, పాదం తడవకుండా, వించ్ కొక్కెం తీసి ముక్కు మీద రెండు చేతులూ పెట్టి తోశాను. పడవ వెన్నలా జారి, తాడు చివర బుద్ధిగా ఆగింది. తాడుతో పక్కకి నడిపించి ర్యాంపు అంచున పాతిన గుంజకి కట్టి, జీపుని పైకి తీసుకెళ్ళి పెట్టాను. గోడమీద ఎవరో చప్పట్లు కొట్టబోయి, చేతులు గుర్తొచ్చి, మళ్ళీ తొడల కింద దాచుకున్నారు.

"ఖాడీ నోటి దాకే పెద్దమ్మా, చేపలు పట్టనివ్వని పార్కు హద్దుకి ఇవతలే. ఎండ ముదరకముందే వచ్చేస్తాను. రాకపోతే మీవాళ్ళు బయల్దేరండి, అప్పుడు చేతులూ కాళ్ళూ అన్నీ వెయ్యొచ్చు," అని చెప్పి, లైఫ్ జాకెట్ బిగించి, నీళ్ళలో పడితే ఇంజను ఆపే తాడు మణికట్టుకి తగిలించుకుని వెళ్ళాను.

నీళ్ళమీద ఒక్కదాన్నే ఉండడం నాకదే మొదలు. మడ చెట్లు దాటి గాలి మొహానికి కొట్టేసరికి ఆయన ఇన్నేళ్ళూ ఆదివారాలు ఎందుకు ఆగలేదో తెలిసింది. గాలానికి నాలుగు పార చేపలు పడ్డాయి. ఎవరూ వినడం లేదు కదా అని గొంతెత్తి పాడాను కూడా.

తిరిగొచ్చేసరికి నీళ్ళు తీయడం మొదలైంది. అసలు చిక్కు అక్కడ. దింపడానికి నీళ్ళు సాయం చేస్తాయి, ఎక్కించడానికి చెయ్యవు. ట్రాలీని నీళ్ళలో పెట్టి, పడవ ముక్కుని దాని మధ్యకి తాడుతో లాగాను. ముక్కు చెప్పిన మాట వింది. వెనక భాగం మాత్రం నీళ్ళ లాగుడుకి కొట్టుకుపోయి అడ్డం తిరిగింది. పడవ ట్రాలీ మీద వాలి, చక్రం మీద రాసుకుంటోంది. గోడమీంచి ఒకతను లేచాడు.

"కూకో!" అంది పెద్దమ్మ.

నాకూ వాణ్ణి రమ్మని పిలవాలనిపించింది, అబద్ధమెందుకు. పడవని మళ్ళీ వదిలి, గుంజకి కట్టేసి, ఒక్క నిమిషం ఒడ్డున నిలబడ్డాను. జాకెట్టుకి చెయ్యి కుట్టేటప్పుడు ఒక కొసే పట్టుకుని లాగితే రెండో కొస తప్పుకుంటుంది. రెండు పక్కలా గుండుసూదులు గుచ్చుకున్నాకే మిషన్ తొక్కాలి. రెండో తాడు తీసి పడవ వెనక కట్టి, నీళ్ళ లాగుడు వచ్చే వైపున్న గుంజకి ఒక చుట్టు చుట్టాను. దాన్ని కాస్త కాస్త వదులుతూ, ముందు తాడు కాస్త కాస్త లాగుతూ పడవని తిన్నగా తెస్తున్నాను.

సరిగ్గా అప్పుడే వండూర్ అతను స్కూటర్ మీద దిగాడు. పాపం, మంచివాడు. రెండు తాళ్ళ మధ్య నానా తంటాలు పడుతున్న ఆడమనిషి, ఎదురుగా గోడమీద చేతులు దాచుకుని చోద్యం చూస్తున్న మగాళ్ళు. అతనికి ఒళ్ళు మండిపోయి ఉంటుంది.

"అరే దీదీ, ఛోడియే! మై పకడ్తా హూఁ!" అని, తనే పట్టుకుంటానంటూ చెప్పులు విసిరేసి నీళ్ళలోకి ఉరికాడు.

"ఏయ్ భయ్యా! హాథ్ మత్ లగావ్!"

చెయ్యి వెయ్యొద్దని గోడ గోడంతా ఒక్క గొంతుతో అరిచింది. పెద్దమ్మకి హిందీ రాదు, "ఒరే, సెయ్యి ఇరిసేత్తాను!" అంది. అందరికన్నా గట్టిగా చెట్టుకింది నించి వినబడింది, ఓడ డెక్కుని దద్దరిల్లించే ఆ గొంతు. "ఒగ్గెయ్, దూరంగా ఉండు!" అంటున్నాడు మా ఆయన. ఆ ఒక్క చెయ్యి పడితే పడవ అమ్ముడైపోతుంది, అమ్మాలనుకున్న మనిషే వద్దని అరుస్తున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను ఒక కాలు నీళ్ళలో, రెండు చేతులూ గాల్లో పెట్టి దొంగలా బిగుసుకుపోయాడు.

పడవ ట్రాలీ రోలర్ల మీదికి ముక్కు పెట్టింది. కొక్కెం తగిలించి వించ్ తిప్పాను. భుజాలు పీకుతున్నా ఆపలేదు. ముక్కుకి గొలుసు వేసి, దిమ్మలు తీసి, జీపుని పైకి లాగాను. చదును మీదికొచ్చాక బిరడా తీస్తే బొటబొటా నీళ్ళు కారాయి. పట్టీలు బిగించి కట్టాను. అప్పటిగ్గానీ ఊపిరి తీసుకోలేదు.

పెద్దమ్మ గోడ దిగి వచ్చి తిన్నగా చేపల బుట్టలోకి చూసింది. "మా సేప మాకిచ్చీ."

"ఎవరూ చెయ్యి వెయ్యలేదుగా పెద్దమ్మా?"

"సెయ్యెయ్యడం ఎవడైనా ఎత్తాడే. ఎయ్యకండా కూకోడం ఉందే, అదీ కష్టం! మావోళ్ళ సేతులు సూడు, తొడల కింద పడి ఎలాగ తిమ్మిరెక్కిపోనాయో."

న్యాయమే అనిపించి బుట్ట ఆవిడ ముందు పెట్టేశాను. వండూర్ అతను తడిసిన కాలు దులుపుకుంటూ మా ఆయన దగ్గరికి వెళ్ళి, "దాదా, ఇప్పుడు దీన్ని నాకు అమ్మరు కదా?" అన్నాడు.

"పడవ చూస్తానన్నావు. చూశావుగా," అన్నాడు మా ఆయన. అతను గట్టిగా నవ్వి, స్కూటర్ దగ్గరికి వెళ్ళబోయినవాడు గోడ దగ్గరే ఆగి కబుర్లలో పడ్డాడు.

మా ఆయన కర్ర ఊతంతో ట్రాలీ దాకా వచ్చాడు. పడవ అడుగున గీతలు చేత్తో తడిమాడు. పట్టీ లాగి చూశాడు. ఇక ఏదో వంక పెడతాడని ఎదురుచూస్తున్నాను.

"ఇవి విప్పు," అన్నాడు.

"ఏవండీ, ఇప్పుడే కదా కట్టాను!"

"విప్పవే. నేనూ వస్తాను."

నేను ర్యాంపు వైపు చూశాను. నీళ్ళు తీసినకొద్దీ కింద పాకుడు పచ్చగా బయటపడుతోంది. ఆయన కర్ర చూశాను. నా చేతులు చూసుకున్నాను. ఆయనకి అబద్ధం చెప్పి లాభం లేదు.

"పడవైతే నేనొక్కదాన్నే దింపగలనండీ. మిమ్మల్ని ఒక్కదాన్నే దింపలేను," అన్నాను.

ఆయన నీళ్ళ వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. తరవాత కర్ర చేతులు మార్చుకుని, మెల్లిగా గోడ వైపు తిరిగాడు. సరంగు గొంతు కాదది, నేను ఎప్పుడూ వినని గొంతు.

"ఒరే అబ్బాయిలూ," అన్నాడు, "నాకు ఓ చెయ్యి వెయ్యండ్రా."

గోడమీద ఒక్కడు మిగల్లేదు.